పడుగులో పోగు

మా స్వస్థలం గద్వాల. మా అమ్మమ్మనూ చిన్నమ్మనూ రొమ్ము క్యాన్సరే బలిగొన్నది. చీరలు నేసే చిన్నమ్మ కూతురికి హైదరాబాదులో జన్యుపరీక్ష చేయగా, 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించిన బి.ఆర్.సి.ఏ.1 జన్యువులో లోపమున్నట్లు తేలింది. "జీవితకాలంలో ముప్పు నూటికి అరవైకి పైనే" అన్నారు వైద్యులు. రోగం అప్పుడే వచ్చినట్లు చెల్లెలు కుప్పకూలింది. "అన్నా! ఈ మాట బయటపడితే నా బిడ్డ పెండ్లి అయితదా?" అన్నది. ప్రబంధాలు చదివిన నాకు ఆమెను ఊరడించే ఒక్క తేలికమాట దొరకలేదు.

జన్యు సలహాదారు ఆమెను చెంత కూర్చోబెట్టుకొన్నది. "అమ్మా! పడుగులో ఒక పోగు బలహీనమని ముందే తెలిస్తే ఏం చేస్తారు?"

"కనిపెట్టుకొని నేస్తనమ్మా."

"ఇదీ అంతే. ఇది రోగం కాదు, హెచ్చరిక. ఏటేటా ఎమ్మారై, మామోగ్రామ్ పరీక్షలతో కనిపెట్టుకోవచ్చు. మీ బిడ్డకు ఈ లోపం వచ్చే అవకాశం సగమే. ఇది కొడుకులకూ రావచ్చు, వారి నుండి వారి బిడ్డలకూ రావచ్చు."

చివరిమాటకు ఉలిక్కిపడ్డాను. మా అమ్మ కూడా ఆ అమ్మమ్మ కూతురే. నాకూ ఒక కూతురున్నది. ఆనాడే నేనూ పరీక్షకు రక్తమిచ్చాను. ఇప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూలులలోని మా రక్తసంబంధీకుల ఇండ్లకు వెళ్ళి, ఆ పోగు మాటతోనే మొదలుపెడుతున్నాను.