ఛాతీ ఎక్స్‌రేలో రాతిపొడి

బల్లికురవ క్వారీలో డ్రిల్లు కొట్టే మనిషి దగ్గుతూ నా ఓపీకి వచ్చాడు. ఒడిశా నుంచి వచ్చి చాలా ఏళ్లయింది, తెలుగు మనలాగే మాట్లాడతాడు. అప్పటికే రెండు చోట్ల టీబీ మందులు మింగించారు. గళ్ల పరీక్షలో మాత్రం ఒక్కసారీ క్రిమి కనపడలేదు. ఎక్స్‌రే చూస్తే ఊపిరితిత్తుల పైభాగమంతా సన్నటి మచ్చలు. అది సిలికోసిస్, రాతిపొడి జబ్బు.

ఏ పని చేస్తావని రోగిని అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు. మన ఓపీ చీటీలో పేరూ వయసూ రాస్తాం, పని రాయం. ఏ రాయి అని కూడా అడగాలంటాను. ప్రపంచమంతా కొనే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిలో స్ఫటికం (క్వార్ట్జ్) తక్కువ. బల్లికురవ బూడిదరంగు గ్రానైట్‌లో ఎక్కువ. కంటికి ఆనని ఆ స్ఫటికపు పొడి గాలిగదుల దాకా పోతుంది. దాన్ని మింగిన రక్షక కణాలు చచ్చిపోతాయి, ఆ చోట మచ్చ కడుతుంది. పని మానేసినా మచ్చలు పెరుగుతూనే ఉంటాయి. నయం చేసే మందు లేదు. పైగా నిజమైన టీబీ సులువుగా అంటుకుంటుంది. అందుకే ఈ రెంటినీ విడదీయడం అంత కష్టం.

క్వారీల చుట్టుపక్కల రైతులూ ఈ పొడి గోడు చెప్పుకుంటూ వస్తారు. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద రాతిపొడి పడితే కాయ మెరుపు పోతుంది, గుంటూరు యార్డులో ధర తగ్గుతుంది. ఆ నష్టం రైతుదే. తీసిన రాయి మీద కట్టే సీనరేజి రుసుము ప్రభుత్వానికి, ఎగుమతి లాభం వ్యాపారికి. డ్రిల్లరు ఊపిరి ఖరీదు ఏ ఖాతాలోనూ లేదు. ఆయాసం ముదిరాక అతను సొంతూరు వెళ్లిపోతాడు గనుక, చావు కూడా మన జిల్లా లెక్కలోకి రాదు. ఇది నన్ను నిద్రపోనివ్వదు.

చట్టం లేక కాదు. గనిలో పనిచేసేవారికి ఇలాంటి జబ్బు తేలితే వైద్యుడు అధికారులకు తెలపాలని 1952 గనుల చట్టమే చెప్పింది. గనుల వల్ల దెబ్బతిన్నవారి కోసం 2015 సవరణతో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. ఆ డబ్బుతో ఏటా ప్రతి క్వారీ కూలీకీ ఎక్స్‌రే తీయించాలి. డ్రిల్లు కొట్టేచోట నీళ్లు వదిలితే పొడి చాలా వరకు అణుగుతుంది. అది యజమానికి భరించలేని ఖర్చేమీ కాదు.

అధికారులకు పంపిన కాగితం నకలు అతని చేతికీ ఇచ్చాను. ఏ క్వారీ, ఏ పని, ఎన్నేళ్లు అన్నీ రాశాను. ఒడిశాలో ఇంకో డాక్టరు మూడోసారి టీబీ మందులు మొదలుపెట్టే ముందు అది చదవాలి.