మెరుపు కింద ఏమున్నది?

మా రెడ్డిగూడెం ప్రాంతంలో కారు నిలుపుకోవడానికి నీడ కరువు లేదు. ఇంటి ముందో, తోట గట్టునో ఒక మామిడి చెట్టు ఉండనే ఉంటుంది. ఎండ తగలదు గనుక రంగు చెడదని అందరి నమ్మకం. నేను చూసినంతలో కారు రంగుకు ఎండ ఎంత పగో, మామిడి నీడ కూడా అంతే పగ. పూత కాలంలో తేనెమంచు పురుగు చెట్టు రసాన్ని పీల్చి విసర్జించే తియ్యని జిగురు సన్నని తుంపరగా కిందికి రాలుతుంది. అది ఆకుల మీద పడితే మసి తెగులు పెరిగి ఆకులు నల్లబడతాయి. కారు మీద పడితే రోడ్డు దుమ్మునంతటినీ పట్టి ఉంచుతుంది. ఇక కోత కాలంలో తొడిమ తెగినచోట చిమ్మే సొన సంగతి తోటల వారికి చెప్పనక్కరలేదు. చేతి చర్మాన్నే పొక్కించే ద్రవం పెయింటును ఊరకే విడిచిపెడుతుందా?

అంతకన్నా ఎక్కువ నష్టం మన చేతిగుడ్డ వల్ల జరుగుతుంది. ఉదయం బయలుదేరే తొందరలో బానెట్ మీది దుమ్మును పొడిగుడ్డతో తుడిచేస్తాము. దుమ్ములోని ఇసుక రేణువులు గుడ్డ కింద చిక్కి, తుడిచిన ప్రతిసారీ సన్నని గీతలు గీస్తాయి. సాయంకాలపు ఎండలో చూస్తే బానెట్‌పై సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడు వంటి వలయాలు కనిపించేవి ఇవే. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పోయిన గీతలలో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి గనుక కంటికి వలయంలా తోస్తాయి.

మా అబ్బా పదకొండేళ్లు నడిపిన ముదురు నీలం కారు అచ్చంగా ఈ స్థితికి వచ్చింది. పెద్దమ్మాయి నర్సింగ్ చదువుకు ఫీజు కట్టవలసి వచ్చి దానిని అమ్మదలచుకున్నాము. పాత బండ్ల బేరాలు చేసే ఒక పరిచయస్థుడు చూసి, "ఒక పూట పాలిష్ కొట్టించి పైన వ్యాక్స్ రాయించండి, కొత్త బండిలా ఉంటుంది, ధర దానంతట అదే పెరుగుతుంది" అని సలహా చెప్పాడు.

మా ఆపా కొడుకు విజయవాడలో కార్లకు పాలిష్ చేసే షెడ్డులో పనిచేస్తాడు. ఆదివారం మెషిన్ తీసుకుని వచ్చాడు గాని, వెంటనే దాన్ని ఆన్ చేయలేదు. "మామూ, మీరు దీన్ని సబ్బు అనుకుంటున్నారు. ఇది ఖర్చు. పెట్టింది మళ్లీ రాదు" అన్నాడు.

అతడు వివరించిన తరువాత ఆ మాట అర్థమైంది. ఇనుప రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, దానిపై ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. సాధారణంగా ఇవన్నీ కలిపినా వంద మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్ కోట్ వాటా నలభై మైక్రాన్ల చుట్టుపక్కల. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, కారును ఎండ నుండి కాపాడేది ఆ వెంట్రుకలో సగానికి కొంచెం ఎక్కువ. మెషిన్ పాలిష్‌లో చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఉంటుంది; కెంపులూ నీలాలూ ఈ పదార్థపు స్ఫటికాలే. అది గీతను పూడ్చదు. గీత అడుగు ఎంత లోతున ఉన్నదో, చుట్టూ ఉన్న పూతను అంత లోతుకు అరగదీస్తుంది. గీత పోవడమంటే దాని చుట్టూ ఉన్నది తరిగిపోవడమే. గోరు తగిలి ఆగే లోతైన గీతను పోగొట్టాలంటే క్లియర్ కోట్ మిగలదు. దాన్ని అలాగే వదిలేయాలి.

మరి నేరుగా సీలెంటో, వ్యాక్సో రాస్తే సరిపోదా? సరిపోదు. ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి వేయించిన ఇళ్లవారికి ఈ సంగతి కొత్త కాదు. కళాయి పనివాడు దేగ్‌ను ముందు ఇసుకతో తోమి, కాల్చి, నవాసాగరం చల్లి శుభ్రపరచిన తరువాతే తగరం పూస్తాడు. మురికి మీద తగరం పట్టదు. సీలెంట్ కూడా అంతే. పైగా అది కింద ఉన్నదాన్ని ఉన్నట్టే పట్టి ఉంచుతుంది, మెరుపునైనా, గీతలనైనా. ముందు పూత వేసి తరువాత పాలిష్ చేస్తే, వేసిన పూతే మొదట అరిగిపోతుంది.

వ్యాక్స్ విషయంలో మాత్రం నాకు సందేహమే. బ్రెజిల్ దేశపు కార్నౌబా తాటి ఆకుల నుండి తీసే మైనం చూడముచ్చటైన నిగారింపు ఇస్తుంది. కాని చేయి ఆననీయనంతగా బానెట్ కాలే మన వేసవిలో అది వారాల లెక్కే గాని నెలల లెక్క కాదు. కృత్రిమ పాలిమర్లతో చేసిన సీలెంట్ కొన్ని నెలలైనా నిలుస్తుంది.

మా భాంజా కారు కడిగి, క్లే బార్‌తో జిగురునూ సొన మరకలనూ తీసి, పెయింటు మందం కొలిచే చిన్న పరికరాన్ని అంతటా ఆనించి చూశాడు. దాదాపు ప్రతిచోటా 110, 115 వచ్చింది. ఎడమ వెనుక తలుపు మీద 260 వచ్చింది. అతడు నా ముఖంలోకి చూశాడు. ఒక వేసవిలో మామిడికాయల ట్రాక్టరు ఒరుసుకుపోతే అబ్బా ఆ తలుపుకు మళ్లీ రంగు వేయించారు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కొనేవారికి తెలియదు.

అంచులకు మాస్కింగ్ టేప్ అంటించి, బానెట్ మూలన రెండు చేతుల వెడల్పు మేర మాత్రమే మొదట ప్రయత్నించాడు. అతడు తెచ్చినది తిరుగుతూ ఊగే రకం మెషిన్. ఒకేచోట గిరగిర తిరిగే రకం వేగంగా కోస్తుంది గాని, అనుభవం లేని చేతిలో అంచుల దగ్గర వేడెక్కి రంగు దాకా కాల్చేస్తుందట. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచాడు. పాలిష్‌లోని నూనె గీతలలో నిండి అవి లేవన్న భ్రమ కలిగిస్తుంది. తుడిచాకే నిజం తేలుతుంది, సీలెంట్ సరిగా అంటుకుంటుంది. ఆ బేరాల పరిచయస్థుడు చెప్పిన "ఒక పూట పాలిష్" ఈ నూనె దగ్గరే ఆగిపోయే పని. నాలుగు సార్లు కడిగేసరికి గీతలన్నీ తిరిగి వస్తాయి. అప్పటికి కారు మరొకరి ఇంటి ముందు ఉంటుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గుర్తించి, దానిని నలుగురికీ కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి అడిగిన ఉదంతం మనలో చాలామంది చిన్ననాడే విన్నాము. నూనె నింపిన గీతలు ఆ తడి ధాన్యం వంటివే. నా మనసును తొలిచింది అది కాదు. నిజంగా అరగదీసిన పూత సంగతేమిటి? గీత దాచలేదు, తీసివేశాము. కాని కొనేవాడికి తరిగిన క్లియర్ కోట్ అప్పగిస్తున్నాము. మా ఇంటావిడ తేల్చి చెప్పింది: "తలుపు సంగతి చెప్పేటప్పుడు ఇదీ చెప్పండి. రెండూ వాళ్ల డబ్బుకు సంబంధించినవే."

భాంజా బానెట్, పైకప్పు, తలుపుల మీద సన్నరకం పాలిష్‌తో ఒక్క విడత మాత్రమే చేశాడు. రెండు లోతైన గీతలను ముట్టుకోలేదు. సాయంత్రం సీలెంట్ రాసి వెళ్లిపోయాడు.

విస్సన్నపేట నుండి ఒక మాస్టారు వచ్చి చూశారు. బండి ఆయనకు నచ్చింది. తలుపు సంగతి చెప్పాను. పన్నెండు వేలు తగ్గించమన్నారు, తగ్గించాను. పాలిష్ ఒకసారి పట్టించామనీ, ఇంకో రెండు మూడేళ్ల దాకా మెషిన్ పెట్టించవద్దనీ చెబితే కాసేపు మౌనంగా ఉండి, "అయితే రేపటినుంచి ఎలా కడగాలి?" అని అడిగారు. పొడిగుడ్డ తగలనివ్వవద్దని, ముందు నీళ్లు పోసి దుమ్మును జార్చాలని, సబ్బునీటికి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి మరొకటి పెట్టుకోవాలని, బోరు నీటి చుక్కలు ఎండలో ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలని చెప్పాను. ఆయన ఆ నాలుగు మాటలూ ఒక కాగితం మీద రాసుకున్నారు. ఫీజుకు తక్కువపడిన మొత్తాన్ని ఆ ఏటి రసాలు అమ్మిన డబ్బుతో సర్దుకున్నాము.