ఇంటికొచ్చాక ఎలా బతికాడు?



పోయిన నెల యౌవనస్థుల కూడికలో మందిరం గోడకు తెల్ల దుప్పటి కట్టి ఒక సినిమా వేశాము. 'అన్‌బ్రోకెన్' దాని పేరు. 2014లో వచ్చింది. లూయీ జాంపెరీని అనే అమెరికా సైనికుడి నిజమైన కథ. యుద్ధం అయిపోయి ఆయన తన వాళ్ళను కలుసుకునే చోట సినిమా ఆగిపోతుంది. తరువాతి జీవితమంతా తెర మీద నాలుగు ముక్కల్లో చెప్పేస్తారు. మన కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక చాప మీద కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం లేవకుండా అడిగింది:

"అయ్యగారండీ, అంతా బాగానే ఉంది గానీ, ఇంటికొచ్చాక పెళ్ళాం బిడ్డల్ని బాగా చూసుకున్నాడాండీ?"

"వచ్చే వారం చెబుతామమ్మా" అన్నాము. చెప్పాము కూడా. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాము.

లూయీ 1917 జనవరి 26న న్యూయార్క్ రాష్ట్రంలోని ఓలియన్‌లో పుట్టాడు. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం. తరువాత కాలిఫోర్నియాలోని టోరెన్స్‌కు వెళ్ళి స్థిరపడ్డారు. ఇంట్లో మాట ఇటాలియన్. బడిలో చేరేనాటికి పిల్లవాడికి ఇంగ్లీషు రాదు. తోటి పిల్లలు వెక్కిరించేవారు, కొట్టేవారు. వాడూ తిరిగి కొట్టడం నేర్చాడు. దొంగతనాలూ నేర్చాడు. అలాంటి తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని పరుగు పందాల్లో పెట్టింది అన్న పీట్. ఆ పరుగే 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌ దాకా తీసుకెళ్ళింది. అప్పుడతనికి 19 ఏళ్ళు. 5000 మీటర్ల పరుగులో 8వ స్థానం వచ్చింది.

ఆ తరువాత యుద్ధం. బాంబులు వేసే విమానంలో ఉద్యోగం. 1943 మే 27న, తప్పిపోయిన మరో విమానాన్ని వెతకడానికి వెళ్ళి, వీళ్ళ విమానమే పసిఫిక్ మహాసముద్రంలో కూలిపోయింది. 11 మందిలో 8 మంది అక్కడే చనిపోయారు. ముగ్గురు రబ్బరు తెప్పల మీద మిగిలారు. వాన కురిస్తే నీళ్ళు, దొరికితే చేప, వాలితే పిట్ట. చుట్టూ షార్కులు. 33వ రోజున ముగ్గురిలో ఒకరు కన్నుమూశారు. ఆ నీళ్ళ మధ్యనే లూయీ ఒక మాట ఇచ్చాడు: దేవా, నన్ను బతికిస్తే నీ సేవ చేస్తాను. 47వ రోజున మార్షల్ దీవుల దగ్గర జపాన్ సైన్యానికి దొరికిపోయాడు.

తరువాత రెండేళ్ళకు పైగా ఖైదు. ముత్సుహిరో వతనాబే అనే కాపలావాడు ఉండేవాడు. ఖైదీలు చాటుగా 'పక్షి' అని పిలుచుకునేవారు. అతను లూయీని ఏరికోరి కొట్టేవాడు. అక్కడ అమెరికాలో ప్రభుత్వం లూయీ చనిపోయాడని ప్రకటించింది. తల్లి ఒప్పుకోలేదు. 1945లో యుద్ధం ముగిశాక కొడుకు తిరిగొచ్చాడు. సినిమాలో చప్పట్లు ఇక్కడే పడ్డాయి.

ఇక పెద్దావిడ ప్రశ్న. ఇంటికొచ్చాక బాగా చూసుకున్నాడా?

లేదు. మొదట్లో చూసుకోలేదు.

1946లో సింథియా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పగలు తాగుడు, రాత్రి పీడకలలు. కలలో రోజూ ఆ 'పక్షి' వచ్చేవాడు. డబ్బు సంపాదించి జపాన్ వెళ్ళి అతన్ని చంపాలని పంతం పట్టాడు. ఒక రాత్రి కలలో 'పక్షి' గొంతు పిసుకుతూ మెలకువ వచ్చి చూస్తే, తన చేతుల్లో ఉన్నది గర్భవతియైన భార్య మెడ. వతనాబే సముద్రానికి అవతల ఉన్నాడు. ఆ మంచం దాకా అతన్ని రోజూ మోసుకొచ్చింది మాత్రం లూయీయే.

సింథియా విడాకులకు సిద్ధపడింది. 1949లో లాస్ ఏంజిల్స్‌లో పెద్ద గుడారం వేసి, బిల్లీ గ్రాహం అనే యువ ప్రసంగీకుడు కూడికలు పెట్టాడు. ముందు వెళ్ళింది సింథియా. ఇంటికొచ్చి, విడాకులు తీసుకోనని చెప్పింది. భర్తను బతిమాలి తీసుకెళ్ళింది. మొదటిసారి అతను కోపంతో మధ్యలోనే లేచి వచ్చేశాడు. మళ్ళీ తీసుకెళ్ళింది. రెండోసారీ లేచిపోబోతుంటే, తెప్ప మీద ఇచ్చిన మాట గుర్తొచ్చింది. బయటికి వెళ్ళాల్సినవాడు వెనక్కి తిరిగి ప్రార్థనకు వెళ్ళాడు. ఆ రాత్రి ఇంట్లో ఉన్న మద్యమంతా పారబోశాడు. ఆ రాత్రి 'పక్షి' కలలోకి రాలేదు. ఆ తరువాత ఎప్పుడూ రాలేదని ఆయనే సాక్ష్యమిచ్చాడు.

మన సాక్ష్యాలు సాధారణంగా ఇక్కడ "ఆమేన్"తో ఆగిపోతాయి. కానీ ఇల్లు నడవాల్సింది ఆ తరువాతే కదా. 1950లో లూయీ టోక్యో వెళ్ళి, సుగామో జైల్లో ఉన్న తన పాత కాపలావాళ్ళను కలిసి, క్షమించానని చెప్పాడు. దారి తప్పిన మగపిల్లల కోసం కాలిఫోర్నియాలో ఒక శిబిరం నడిపాడు. కూతురిని, కొడుకును పెంచాడు. 2001లో సింథియా చనిపోయేదాకా, దాదాపు 55 ఏళ్ళు, ఇద్దరూ కలిసే బతికారు. 1998లో, 81 ఏళ్ళు నిండబోతూ, తాను ఖైదీగా ఉన్న ఊరికి దగ్గరలోనే ఒలింపిక్ జ్యోతి పట్టుకుని పరుగెత్తాడు. వతనాబే బతికే ఉన్నాడని తెలిసి, క్షమించానని ఉత్తరం రాసి, కలుస్తానని అడిగించాడు. అతను ఒప్పుకోలేదు. లూయీ క్షమాపణ అందువల్ల వెనక్కి పోలేదు. 2014 జూలై 2న, 97 ఏళ్ళు నిండి, ప్రభువు నందు నిద్రించాడు.

తెప్ప మీద 47 రోజులు. కోపంతో ఇంట్లో నాలుగేళ్ళు. క్షమించాక దాదాపు 65 ఏళ్ళు. ఈ లెక్క వేసుకుని చూడండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కొట్టే భర్తను ఓర్చుకోమని అయ్యగారు రాశారని ఎవరూ అనుకోవద్దు. ప్రాణానికి ముప్పు ఉంటే ముందు మా గుమ్మం ఎక్కండి, ఏ రాత్రయినా సరే. నిద్రపట్టని వాళ్ళు, తాగుడు మానలేని వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు. ప్రార్థన చేస్తాము, తోడుగా ఆసుపత్రికీ వస్తాము.

ఇదంతా పెద్దావిడకు చెప్పాము. ఆవిడ విని, "అయితే ఆ అమ్మాయే గెలిచిందన్నమాటండీ" అంది. తరువాత కొంగు సర్దుకుంటూ మెల్లగా, "చిన్నయ్యగారు మనూరొచ్చి చాన్నాళ్ళయిందేమిటండీ?" అంది.

మాకు నోట మాట రాలేదు. మా తమ్ముడితో మాకు మాటల్లేక ఆరేళ్ళు. నాన్నగారు పోయాక పొలం గట్టు దగ్గర వచ్చిన తగాదా అది. గట్టు వెడల్పు రెండడుగులు. నిద్రలో మేము ఇప్పటికీ ఆ గట్టు మీదే నిలబడి వాదిస్తుంటామని, తట్టి లేపుతుంటానని మా అమ్మగారు చెబుతుంది. పీట్ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లేపాడు. మేమూ అన్నలమే. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇదే చేతులతో రొట్టె విరిచి మీకు పంచుతున్నాము. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు ఆజ్ఞ మీద ఎన్ని ప్రసంగాలు చేశామో మీకు తెలుసు.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాము. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. వతనాబే కూడా లూయీకి మొహం చూపలేదు కదా అని అనుకున్నాము. వెంటనే సిగ్గేసింది. మా తమ్ముడు వతనాబే కాదు. ఆ రోజు గట్టు మీద ముందు నోరు జారింది మేమే.

సోమవారం ఉదయం మొదటి బస్సుకు అమ్మగారూ మేమూ వాళ్ళూరు వెళ్తున్నాము. తలుపు తీస్తాడో లేదో తెలియదు. గట్టు సంగతి మాట్లాడబోము. మా కొరకు ప్రార్థన చేయండి. మీకూ ఇలాంటి గట్టు ఒకటి ఉంటే, మీరూ బస్సెక్కండి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఇండ్లను, మీ నిద్రలను కాపాడును గాక. ఆమేన్.