మొహమాటమే మోసగాడి పెట్టుబడి

సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్లు ఒకట్రెండు నిమిషాలు మాటలు మర్చిపోతారు. చేతిలో సంచి ఉందా, భుజాన బ్యాగు ఉందా... ఏదీ గుర్తుండదు. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఓ వరంగల్‌ కుటుంబం కొంప ముంచినవి ఆ రెండు నిమిషాలే!

అవి 2025 సంక్రాంతి సెలవులు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు... మొత్తం ఐదుగురు. అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. అప్పటిదాకా సముద్రం చూసి ఎరగదు. 'మీ మామ తీస్కపోత తీస్కపోత అనుకుంటనే పోయిండు' అని ఆమె ఓసారి అన్న మాట కోడలి మనసులో అలాగే ఉండిపోయింది. ఏడాదిపాటు నెలకింత అని దాచి, ఆ డబ్బుతో ఈ ప్రయాణం పెట్టుకుంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌ దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. స్టేషన్‌ బయట అడుగుపెట్టారో లేదో ఓ ఆటో డ్రైవరు వచ్చి సూట్‌కేసు అందుకున్నాడు. ఏ హోటలో చెప్పగానే నాలుక చప్పరించాడు. 'అది మూసేశారు సార్‌, మరమ్మతులవుతున్నాయి. దానికన్నా మంచిది చూపిస్తాను రండి' అన్నాడు. సామానేమో అప్పటికే ఆటోలో ఉంది. మనిషేమో ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నాడు. కాదంటే ఏమనుకుంటాడో! ఎక్కి కూర్చున్నారు. మూసేశారన్న హోటలు నిక్షేపంలా నడుస్తోందని మధ్యాహ్నం అటుగా వెళ్లినప్పుడు తెలిసింది. తాము దిగిన గది అద్దెలో డ్రైవరు కమీషనూ కలిసి ఉంటుందని అప్పుడు తట్టింది.

పర్యాటకులు వచ్చే ఏ ఊళ్లోనైనా కనిపించే పాత ఎత్తుగడే ఇది. దానికి విరుగుడూ అంతే పాతది. గది తీసుకున్న హోటల్‌కి అక్కడే నిలబడి ఒక్క ఫోన్‌ చేస్తే చాలు. సామాను ఆటోలో పెట్టకముందే బేరం తేల్చుకోవాలి. 'మనిషికా, మొత్తానికా?' అని నోరు తెరిచి అడగాలి. ఆ అడగడం దగ్గరే మనవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. నాలుగు రూపాయల కోసం గీచి గీచి అడిగితే నామోషీ అనుకుంటారు.

బీచ్‌లోనూ అదే కథ. 'ఒక్క ఫొటో మేడమ్‌, నచ్చితేనే తీసుకోండి' అన్న కుర్రాడు పిల్లల్ని రకరకాలుగా నిలబెట్టి తీస్తూనే పోయాడు. కాసేపటికి పద్దెనిమిది ప్రింట్లు తెచ్చి చేతిలో పెట్టాడు. గుర్రం ఎక్కేటప్పుడు ఓ రేటు, దిగేటప్పుడు ఇంకో రేటు! ఎదుటివాడు గొంతు పెంచేసరికి చుట్టూ జనం చూస్తున్నారన్న సిగ్గుతో అడిగినంతా ఇచ్చేశారు. 'ఎన్ని ఫొటోలు, ఒక్కోటి ఎంత, గుర్రం ఎంత దూరం వెళ్లొస్తుంది?' అని ముందే అడిగి ఉంటే ఆ సిగ్గుపడే అవసరమే వచ్చేది కాదు.

అంతకుముందే వాళ్లు కురుసుర జలాంతర్గామి చూసొచ్చారు. 2001లో నౌకాదళం నుంచి విశ్రాంతి తీసుకుని, మరుసటేడాది మ్యూజియంగా మారిన ఓడ అది. పొడవు 91 మీటర్ల పైమాటే కానీ, లోపల నడవాలంటే వంగి, ఒదిగి, ఒకరి వెనక ఒకరు వెళ్లాల్సిందే. ఆ ఇరుకులో భర్త జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు. భార్య బ్యాగును గుండెలకు హత్తుకుంది. జనం తోసుకునేచోట అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఏమరుపాటు వచ్చేది కాస్త ఖాళీ దొరికి, హాయిగా ఊపిరి పీల్చుకున్నప్పుడే.

సాయంత్రం ఇసుకలో చాప పరిచి కూర్చున్నారు. పిల్లలు, భర్త నీళ్ల అంచున ఉన్నారు. అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అల కోసం ఎదురుచూస్తోంది. మురీ మిక్చర్‌ కలిపిస్తున్న పెద్దాయన, 'సంచీ పక్కన కాదమ్మా, ఒళ్లో ఎట్టుకోండి' అన్నాడు. ఆమె తలూపింది. అంతలో మొదటి అల అత్తగారి పాదాలను తడిపింది. పెద్దావిడ చిన్నపిల్లలా కేరింత కొట్టింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవరో 'మేడమ్‌, మీ డబ్బులు పడిపోయాయి' అన్నారు. తిరిగి చూస్తే ఇసుకలో మూడు పది రూపాయల నోట్లు. తనవి కావు. ఆ మాటే చెబుతూ, వంగి నోట్లు తీసి ఆ అబ్బాయికి ఇచ్చింది. మళ్లీ ఇటు తిరిగేసరికి చాప మీద సంచి లేదు. అందులోనే ఫోను, పర్సు, ఏటీఎం కార్డు!

ఒకడు చూపు మళ్లిస్తాడు, ఇంకొకడు పని కానిస్తాడు. నోట్లు పడ్డాయని, చొక్కా మీద మరక అంటిందని, ఫలానా చోటికి దారెటని... అడిగేది ఏదైనా అసలు పని మన కళ్లను పక్కకు తిప్పడమే. ఎవరైనా అలా పలకరిస్తే ముందు చెయ్యి సంచి మీదికి వెళ్లాలి. జవాబు ఆ తర్వాత. అలా చేసినంత మాత్రాన మర్యాదకు వచ్చిన లోటేమీ లేదు.

భర్త కంగారుగా తన ఫోన్లో బ్యాంకు కస్టమర్‌ కేర్‌ నంబరు వెతికాడు. మొదట కనిపించిన నంబరు నొక్కబోతుంటే పదో తరగతి చదివే కూతురు ఆపింది. 'నాన్నా, నెట్‌లో దొంగ నంబర్లుంటయ్‌. నీ కార్డు వెనక చూడు.' ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉన్నాయి. ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం. నకిలీ నంబర్లకు ఫోన్‌ చేసి ఓటీపీ చెప్పినవాళ్లూ, అవతలివాడు వేసుకోమన్న యాప్‌ వేసుకున్నవాళ్లూ ఖాతా ఖాళీ చేసుకున్నారు. దొంగతనం తర్వాత వచ్చే కంగారు రెండో దొంగకు తలుపు తీస్తుంది.

మురీ మిక్చర్‌ పెద్దాయన బండి పక్కవాడికి అప్పజెప్పి వాళ్లను పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాడు. 'రేపే వెళ్లిపోతున్నాం, ఈ ఊరు కాని ఊళ్లో కేసెందుకు' అని భర్త దారి పొడవునా నసిగాడు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కానీ నేరం ఏ ఊళ్లో జరిగినా దగ్గర్లోని ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు చేయొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహితలోనూ ఆ వీలుంది. జీరో ఎఫ్‌ఐఆర్‌ అనేది దాన్నే. ఫిర్యాదు ఉంటే సిమ్‌ మళ్లీ తీసుకోవడం సులువు. ఫోన్‌ ఐఎంఈఐ నంబరు తెలిస్తే 'సంచార్‌ సాథీ' పోర్టల్‌ ద్వారా దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా దాన్ని ఆపించొచ్చు. ఆ నంబరు ఫోన్‌ కొన్న పెట్టె మీద ఉంటుంది. ప్రయాణానికి ముందే *#06# నొక్కి చూసి, ఇంట్లో డైరీలో రాసుకుంటే ఇంకా మేలు. ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం ఒక్క నిమిషమూ ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్‌ చేయాలి.

ఆ రాత్రి హోటల్‌ గదిలో ఎవరూ సరిగా తినలేదు. 'సంచి పక్కన పెట్టి ఎటు చూస్తున్నవ్‌?' అని భర్త. 'పొద్దున ఆటో ఎక్కించింది ఎవరు?' అని భార్య. ఫోను పోయింది, పర్సులోని నాలుగు వేలు పోయాయి. ఏడాదిపాటు కూడబెట్టుకున్న సంతోషం కూడా ఆ గదిలోనే కరిగిపోతోంది. ఎంతసేపటికో అత్తగారు నోరు విప్పింది.

'ఎటు చూసింది అంటవేందిరా? నన్ను చూసింది. నేను నీళ్లల్ల నవ్వుతుంటే నా దిక్కు చూసింది. దొంగ తప్పు దొంగది. దాన్ని నా కోడలి మెడకు చుట్టకు.'

గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత భర్త లేచి, మూతపెట్టిన ఇడ్లీ పొట్లం విప్పి భార్య ముందు పెట్టాడు.

మోసపోయిన కుటుంబాల్లో ఎక్కువగా నలిగేది ఇదే. దొంగ దొరకడు కాబట్టి ఇంట్లోవాళ్లే దొరుకుతారు. ఆ భయంతోనే చాలామంది మోసపోయిన సంగతి దాచేస్తారు. పిల్లలు నాన్నతో చెప్పరు, పెద్దవాళ్లు పిల్లలతో చెప్పరు. కార్డు ఆపించాల్సిన సమయం కాస్తా ఆ మౌనంలో కలిసిపోతుంది.

మర్నాడు సూర్యోదయానికి మళ్లీ బీచ్‌కి వెళ్లారు. ఈసారి వంతులు వేసుకున్నారు. ఇద్దరు నీళ్లలో ఉంటే, ఒకరు వాళ్లను కనిపెట్టుకుని గట్టున నిలబడాలి. సంచి చూసేవాళ్లు వేరు. ఎందుకంటే అక్కడి అలలు మనిషిని లోపలికి లాగేసుకుంటాయి. సంచి మీదున్న కన్ను పిల్లల మీద ఉండదు, పిల్లల మీదున్నది సంచి మీద ఉండదు. అత్తగారి గొలుసు సూట్‌కేసులోకి వెళ్లింది. నగదు మూడు చోట్ల సర్దారు. పైకి తీసే పర్సులో రెండొందలకు మించి ఉంచలేదు. ముత్యాల దండలమ్మే ఆమె 'అసలు ముత్యాలు, చవగ్గా ఇచ్చేస్తాను' అంటే కోడలు నవ్వి, 'వద్దమ్మా' అంది. రెండోసారి అడిగితే మళ్లీ అదే మాట. అంతే! ఆమె ఇంకో గుంపు దగ్గరికి వెళ్లిపోయింది. కాదన్నంత మాత్రాన ఎవరూ ఏమీ అనుకోరని తెలుసుకోవడానికి ఆమెకు ఓ ఫోను ఖర్చయింది.

ఆ ఫోను ఇప్పటికీ దొరకలేదు. ఖాతాలో డబ్బు మాత్రం భద్రంగా ఉంది. రైలెక్కే ముందు సాయంత్రం మురీ మిక్చర్‌ బండి దగ్గర ఆగారు. పెద్దాయన పొట్లాలు కడుతూ, 'సంచీ ఏదమ్మా?' అన్నాడు. జవాబుగా అత్తగారు కొంగు పక్కకు తీసి చూపించింది. సంచి ఆమె ఒళ్లోనే ఉంది, రెండు చేతుల మధ్య. చూపు మాత్రం సముద్రం మీదే ఉంది.