గ్రేట్ లేక్స్‌లో ఉత్తర్వు కోసం ఎదురుచూపు

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, చికాగో నగరానికి ఉత్తరంగా మిచిగాన్ సరస్సు ఒడ్డున ఉన్న గ్రేట్ లేక్స్ నౌకాదళ స్థావరం ఏ మహాసముద్రానికీ చేరువలో లేకపోయినా, ఆ దేశ నౌకాదళంలో సాధారణ నావికులుగా, అంటే అధికారి హోదా లేని సిబ్బందిగా చేరేవారందరికీ తొలి మెట్టు అదే. 1911 జూలై 1న ప్రారంభమైన ఈ స్థావరంతో పాటు ఒకప్పుడు శాన్ డియేగోలోను, ఒర్లాండోలోను కూడా ప్రాథమిక శిక్షణ శిబిరాలు నడిచేవి. 1990ల మధ్యనాటికి ఆ రెండూ మూతపడడంతో ఏటా వచ్చే వేలాది యువతీయువకుల శిక్షణ భారమంతా దీనిమీదే పడింది. చికాగో నుంచి సరస్సు వెంట సాగే లోకల్ రైలు స్థావరం పేరే పెట్టుకున్న స్టేషన్‌లో ఆగుతుంది. శిక్షణ ముగింపు కవాతు జరిగే రోజున వచ్చే అతిథుల్లో తల్లిదండ్రులే ఎక్కువగా కనిపిస్తారు. వారి మధ్య చంటిబిడ్డను ఎత్తుకున్న యువతులు, అప్పుడప్పుడు భార్య కవాతు చూడడానికి వచ్చిన యువకులు కూడా ఉంటారు. ఇక్కడికి చేసిన ఈ పర్యటన కవాతు కోసం కన్నా, అది ముగిసిన మరుక్షణం నుంచి ఆ భార్యలకూ భర్తలకూ మొదలయ్యే నిరీక్షణను అర్థం చేసుకోవడం కోసం సాగింది.

ఆవరణలోని వసతి భవనాలను ఓడలని పిలుస్తారు, ఒక్కోదానికి ఒక్కో యుద్ధనౌక పేరు ఉంటుంది, నేలను డెక్ అనే అనాలి. 2025 ఆరంభంలో 10 వారాల నుంచి 9 వారాలకు కుదించిన ఈ శిక్షణ చివర్లో, భవనం లోపలే నిర్మించిన 210 అడుగుల నమూనా నౌక ట్రేయర్‌పై రాత్రంతా మంటలు, వరదలు, పేలుళ్ల వంటి కృత్రిమ ప్రమాదాలను ఎదుర్కొన్న తర్వాత, రిక్రూట్ అని రాసి ఉన్న టోపీ తీసి నేవీ అని రాసి ఉన్న టోపీ పెట్టుకునే అర్హత లభిస్తుంది. ఆ వారాలన్నీ ఇంటితో సంబంధం ప్రధానంగా ఉత్తరాల ద్వారానే నడుస్తుంది. శిబిరం చేరిన రాత్రి చేసే క్షేమ సమాచారపు ఫోను కొన్ని క్షణాల్లో ముగుస్తుంది, ఆ తర్వాతి ఫోన్లు అరుదు. కాబట్టి కవాతు ముగిసి, విశాలమైన హాలులో కుటుంబాలు తమవారిని కలుసుకునే వేళ, ఇన్ని వారాలుగా కూడబెట్టుకున్న మాటలన్నిటికన్నా ముందు భార్య నోట వచ్చే ప్రశ్న ఒకటే: తర్వాత ఎక్కడికి?

ఆ ప్రశ్నకు చాలామంది నావికుల దగ్గర సగం జవాబే ఉంటుంది. తాము నేర్చుకోబోయే వృత్తికి సంబంధించిన పాఠశాల, అంటే నౌకాదళ పరిభాషలో ‘ఎ-స్కూల్’, ఎక్కడుందో వారికి తెలుసు. దాని తర్వాత చేరబోయే ఓడ గాని, తీర స్థావరం గాని తెలియదు. ఇక్కడే కుటుంబాల భవితవ్యాన్ని నిర్ణయించే ఒక గీత ఉంది. ఒకేచోట సాగే శిక్షణ 20 వారాలు, లేదా అంతకు మించి ఉంటే దాన్ని శాశ్వత బదిలీగా లెక్కించి, భార్యాపిల్లలనూ ఇంటి సామానునూ ప్రభుత్వ ఖర్చుతో అక్కడికి తరలిస్తారు. అంతకు తక్కువైతే అది తాత్కాలిక విధి మాత్రమే గనుక కుటుంబం ఉన్నచోటే ఉండాలి, లేదా సొంత ఖర్చుతో వెంట వెళ్లాలి. అణు రియాక్టర్లు నడపడం నేర్చుకునేందుకు దక్షిణ కరోలినాలోని గూస్ క్రీక్‌కు వెళ్లే నావికుడి చదువు ఏడాదికి పైగా సాగుతుంది కాబట్టి అతని భార్య ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టవచ్చు. అదే హాలులో, అదే వరుసలో నిలబడి, కొన్ని వారాల జలాంతర్గామి పాఠాల కోసం కనెక్టికట్‌లోని గ్రోటన్‌కు వెళ్లే నావికుడి భార్య మాత్రం పుట్టింట్లోనో, అద్దె గదిలోనో మళ్లీ తేదీలు లెక్కపెట్టుకోవాలి. ఈ గీత ప్రజాధనాన్ని కాపాడేందుకు గీసినదే, అందులో తర్కం లేకపోలేదు. అయితే రెండు మూడు చిన్న శిక్షణలు వేర్వేరు ఊళ్లలో వరుసగా పడినప్పుడు, ఒక్కోటి 20 వారాలకు లోపే ఉన్నా, మొత్తం ఎడబాటు ఏడాదికి చేరవచ్చు. ఆ మొత్తాన్ని కాక విడివిడి భాగాలనే నియమం పరిగణిస్తుందన్నదే ఇందులోని అసలు లోపం.

తొలి నియామకాన్ని టెనెసీ రాష్ట్రంలోని మిల్లింగ్టన్‌లో ఉన్న సిబ్బంది విభాగం ఖరారు చేస్తుంది. ఏ ఓడలో ఏ వృత్తివారి ఖాళీ ఉందో చూసి పేర్లు జతచేసే ఉద్యోగిని డీటైలర్ అంటారు. బదిలీ నిధులు సకాలంలో అందని సంవత్సరాల్లో సిద్ధమైన నియామకాలకు కూడా ఉత్తర్వులు వెలువడవు. వాటి స్థానంలో ఉద్దేశ లేఖ, అంటే ఫలానా చోటికి పంపదలచినట్టు తెలిపే పత్రం మాత్రం వస్తుంది. ఆ లేఖతో వైద్య పరీక్షల వంటి కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు గాని, ఇంటి సామాను తరలింపు లారీని మాట్లాడుకునే వీలుండదు.

భార్య రోజువారీ జీవితంలో ఉత్తర్వుకూ ఉద్దేశ లేఖకూ మధ్య ఉన్న ఈ తేడా ఎంత పెద్దదో అద్దె ఇంటి ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. సైనికుల పౌర హక్కులను కాపాడే సమాఖ్య చట్టం ప్రకారం, బదిలీ ఉత్తర్వు ప్రతిని జోడించి రాతపూర్వకంగా నోటీసు ఇస్తే, తర్వాతి అద్దె చెల్లించాల్సిన తేదీ నుంచి 30 రోజులకు ఒప్పందం జరిమానా లేకుండా ముగుస్తుంది. ఉత్తర్వు చేతికి రాకపోతే ఈ హక్కును వాడుకోవడం కష్టమవుతుంది. ఏడాది ఒప్పందం కుదుర్చుకుంటే నష్టభయం, నెలవారీ ఒప్పందమైతే ఎక్కువ అద్దె. గృహభత్యం మాత్రం శిక్షణ కాలంలో కుటుంబం నివసించే ప్రాంతపు రేటు ప్రకారం అందుతూనే ఉంటుంది, అది నిజంగా గొప్ప ఆసరా.

నియామకం జపాన్‌లోని యొకొసుకాకో, స్పెయిన్‌లోని రోటాకో అయితే మరో దశ అదనంగా చేరుతుంది. నావికుడితో పాటు భార్యకూ పిల్లలకూ వైద్య, విద్యా అర్హత పరిశీలన జరుగుతుంది. బిడ్డకు ప్రత్యేక చికిత్స గాని, ప్రత్యేక బోధన గాని అవసరమై, ఆ సదుపాయం అక్కడి స్థావరంలో లేకపోతే కుటుంబానికి అనుమతి రాదు. ఈ పరిశీలన బిడ్డ మేలుకే ఉద్దేశించినదైనా, ఫలితం తేలేదాకా పాస్‌పోర్టు, బడి, ఉద్యోగం అన్నీ ఆగిపోతాయి.

ఉద్యోగం సంగతి మరింత బాధాకరం. రక్షణ శాఖ 2021లో జరిపిన సర్వేలో పని చేయదలచిన సైనిక జీవిత భాగస్వాముల్లో 21 శాతం మంది నిరుద్యోగులుగా తేలారు. నర్సులు, ఉపాధ్యాయుల వంటి వారికి ఒక రాష్ట్రంలో పొందిన లైసెన్సు మరో రాష్ట్రంలో చెల్లకపోవడం దీనికి ఒక కారణం. 2023 జనవరిలో చేసిన చట్టం బదిలీపై వెళ్లే భాగస్వాముల లైసెన్సులను కొత్త రాష్ట్రంలోనూ గుర్తించాలని చెబుతున్నది. ఆ చట్టం కూడా ఉత్తర్వు వచ్చిన తర్వాతే అక్కరకొస్తుంది. ఎప్పుడు ఊరు విడిచి వెళ్తుందో తెలియని అభ్యర్థికి ఉద్యోగం ఇవ్వడానికి ముందుకొచ్చే యజమానులు తక్కువ.

కుటుంబాల మాటను అధికారుల దాకా చేర్చేందుకు నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ 1970 సెప్టెంబరులో ఆంబడ్స్‌మన్ పదవిని నెలకొల్పారు. సాధారణంగా మరో నావికుడి భార్యే స్వచ్ఛందంగా ఈ బాధ్యత నిర్వహిస్తూ, కమాండింగ్ అధికారికీ కుటుంబాలకూ మధ్య సమాచారం అందజేస్తుంది. ఎంతో ఉపయోగపడే ఏర్పాటే ఇది, కాని ప్రతి ఆంబడ్స్‌మన్ ఒక నిర్దిష్ట ఓడకో, విభాగానికో చెందినవారు. ఒక పాఠశాల ముగిసి తొలి ఓడ ఇంకా ఖరారు కాని కుటుంబం ఎవరిని అడగాలో తెలియక నడుమ నిలిచిపోతుంది.

భారత నౌకాదళం ఈ చిక్కును ప్రవేశద్వారం దగ్గరే నివారించింది: 2022 నుంచి అగ్నివీరులుగా చేరి ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ పొందేవారు అవివాహితులై ఉండాలి, నాలుగేళ్ల సేవాకాలంలో పెళ్లి చేసుకోకూడదు. అమెరికా వివాహితులను ఆహ్వానిస్తున్నది. ఆహ్వానించిన తర్వాత వారి కుటుంబాల నిరీక్షణకు బాధ్యత కూడా తీసుకోవలసిందే. వరుస శిక్షణలను కలిపి లెక్కించడం, తేదీ మారినప్పుడు ఆ సమాచారాన్ని భాగస్వామికి కూడా నేరుగా పంపడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

ఈలోగా ఆ కుటుంబాలు తమంతట తాము చేసుకోగల మేలు ఒకటుంది. ఉత్తర్వు నావికుడి పేరనే వెలువడుతుంది, సామాను తరలింపు హక్కూ అతనిదే; అతను తరగతిలోనో సముద్రంమీదో ఉన్నప్పుడు భార్య ఆ దరఖాస్తుపై సంతకం చేయాలంటే అతను రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ గాని, అధికార పత్రం గాని ఆమె చేతిలో ఉండాలి. గ్రేట్ లేక్స్‌కు బయలుదేరే వివాహితులు ఆ కాగితాన్ని ఇల్లు కదలకముందే రాసిపెట్టుకోవాలి.