సువార్తలో లేని పనిపిల్ల

నిండు గర్భిణి మరియ గాడిద మీద బెత్లెహేముకు వెళ్తోంది. పక్కన యోసేపు, వాళ్ళ వెంట ఒక పనిపిల్ల. లూకా సువార్తలో ఎంత వెతికినా ఈ పిల్ల కనపడదు. ఆ మాటకొస్తే గాడిదా కనపడదు. ఈమె నాకు దొరికింది 1548లో అచ్చయిన ఇగ్నేషియస్ లొయోలా 'ఆధ్యాత్మిక సాధనలు'లో. మాది లూథరన్ కుటుంబం. జెస్యూట్ల గురువు పుస్తకం నా చేతికెలా వచ్చిందన్నది వేరే కథ.

ఇగ్నేషియస్ సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచంలో ఉండగా చదవడానికి క్రీస్తు చరిత్రా, పునీతుల కథలూ దొరికాయి. వీరగాథల పగటికలలు కన్నాక మనసు ఎండిపోయినట్టుండేదనీ, పునీతుల్లా బతకడాన్ని ఊహించుకున్నాక తృప్తి నిలిచేదనీ గమనించాడు. మనిషి లోపల్నించి మారడానికి ఊహ పనికొస్తుందని ఆయనకు తెలిసింది అలా. అందుకే లేఖనం చదివి ఊరుకోవద్దంటాడు, అందులోకి నడవమంటాడు. దారి పొడవెంత, మిట్టలున్నాయా, గుహ ఎత్తెంత, అన్నీ చూడమంటాడు. అక్కడివాళ్ళ మాటలు వినమంటాడు. సరే, ఆ గుహలోకి ఎవరిగా వెళ్ళాలి? ఏ యోగ్యతా లేని ఓ చిన్న బానిసగా, వాళ్ళకు సేవ చేస్తూ.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఉన్నత వంశంలో పుట్టి కత్తి పట్టినవాడు బానిసనని ఊహించుకుంటే అది నిజంగా పెద్ద మార్పే. మరి ఆడవాళ్ళకో? అహంకారమే మూలపాపమనడం మగవాళ్ళ అనుభవంలోంచి వచ్చిన మాటనీ, ఆడవాళ్ళకున్న ప్రమాదం తమను తాము లేకుండా చేసుకోవడమనీ వాలరీ సైవింగ్ 1960లోనే రాసింది. ఆమె చెప్పనిది కులం. మా అమ్మమ్మ గుంటూరు జిల్లాలో ఒక ఆసామి గొడ్ల చావిట్లో పేడ ఎత్తింది, బాప్తిస్మానికి ముందూ, తర్వాతా. పశువుల తొట్టి దగ్గర దాసిగా నిలబడటానికి ఆమెకు ఏ ఊహా అక్కర్లేదు. క్రిస్మస్ ప్రసంగం విని ఇంటికొచ్చాక, "అంతా బానే చెప్పాడు గానీ, ఆ పాక ఊడ్చిందెవరే?" అనేది.

అయినా ఆ పుస్తకాన్ని పక్కన పెట్టలేదు. ఎందుకంటే మనుషుల్ని చూడమన్నదీ ఆయనే. నేను పనిపిల్లను చూస్తున్నాను. మరియకు గాడిద ఉంది, ఈమె నడిచి వచ్చింది. పాదాలు వాచాయి. ఒకరోజు నా ఊహలో మరియ బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టి, "కాసేపు కూర్చోవే" అంది. ఆ కూర్చోవడాన్ని నేను చాలాసేపు చూశాను. తర్వాతి నెలలో ప్రార్థన కూటంలో వడ్డనకు ఎప్పట్లా ఆడవాళ్ళను పిలిచినప్పుడు నేను లేవలేదు. పక్కనున్నామె నా వైపు చూసి, తనూ లేవలేదు.

ధ్యానం చివర స్నేహితుడితో మాట్లాడినట్టు ప్రభువుతో మాట్లాడమంటాడు ఇగ్నేషియస్. నేను ముందు ఆ పిల్లతో మాట్లాడుతున్నాను. పేరు చెప్పింది. జీతం సంగతి ఇంకా అడగాలి.