మాళేగావ్ జాతరలో గుర్రప్పిల్ల బేరం

నాందేడ్ నుంచి లాతూర్ రోడ్డు పట్టి సోన్‌ఖేడ్, లోహా దాటితే మాళేగావ్ వస్తుంది. నాసిక్ వైపు మాలేగావ్ వేరు, ఇది వేరు. ఏడాదంతా మామూలు పల్లె. మార్గశిర బహుళ చతుర్దశికి ఖండోబా జాతర మొదలయ్యేసరికి మాత్రం రోడ్డుకు రెండు పక్కలా గుడారాలు లేస్తాయి. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, వేటకుక్కలు, లాల్ కంధారీ ఎడ్లు, ఇంకోవైపు తమాషా ఆడే బృందాల ఫడాలు, కుస్తీలు. వాటి మధ్య ఒక గుర్రప్పిల్లను వెతకడానికి మా మేనమామ నన్ను వెంట తీసుకెళ్ళాడు.

మామకు బోధన్ దగ్గర గుర్రాలున్నాయి. పెళ్ళిళ్ళ బరాత్‌లకు తిప్పుతాడు. ఈ మధ్య ఆయనకో కోరిక పుట్టింది. ఒక మంచి పిల్లను కొని, పెంచి, జాతరలో నాందేడ్ జిల్లా పరిషత్ పెట్టే అశ్వ ప్రదర్శనలో నిలబెట్టాలని. నేను చదువుకున్నవాణ్ణని, కాగితాలు చూసిపెడతానని నన్ను రమ్మన్నాడు. గుర్రం గురించి నాకు తెలిసింది అప్పటికి సున్న.

నిజామాబాద్‌లో రైలెక్కితే బాసర, ధర్మాబాద్, ముద్‌ఖేడ్ మీదుగా నాందేడ్. ధర్మాబాద్ దాటినా పెట్టెలో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 1948 దాకా ఇదంతా ఒకటే నిజాం రాజ్యం కదా. నాందేడ్‌లో దిగాక మామ ముందు హజూర్ సాహిబ్ గురుద్వారాకే నడిచాడు. 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన చోటు అది. అక్కడి అశ్వశాలలోని గుర్రాలు గురువు ఎక్కిన గుర్రం సంతతేనని భక్తుల నమ్మకం. దసరాకు, హోలా మొహల్లాకు వాటిని ఊరేగింపులో నడిపిస్తారు. మామ దండం పెట్టుకుని, చాలాసేపు వాటి గిట్టలే చూస్తూ నిలబడ్డాడు.

మాళేగావ్‌లో గాలి నిండా పసుపు. 'యేళకోట్ యేళకోట్ జయ్ మల్హార్' అని అరుస్తూ ఆ పసుపునే భండారా అని చల్లుతుంటే ఒళ్ళంతా పచ్చబడింది. ఖండోబా మనకు పరాయివాడేం కాదు. మన కొమురవెల్లి మల్లన్న గొల్ల కేతమ్మను పెళ్ళాడినట్టే ఈయన గొర్రెలు కాసే ధన్‌గర్ల ఆడపడుచు బాణాయిని పెళ్ళాడాడు. గుర్రమెక్కి తిరిగే దేవుడు, పక్కన కుక్క. ఆయన జాతరలో గుర్రాల సంత జరగడంలో వింత లేదు.

సంతలో ముందుగా కంటబడేవి నుక్రాలు. ఒళ్ళంతా తెలుపు, చర్మం గులాబీ రంగు. బరాత్‌ల వాళ్ళు వాటి మీదే ఎగబడతారు. పుట్టినప్పుడు నల్లగానో బూడిదగానో ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ తెల్లబడే గుర్రాలు వేరే ఉన్నాయి. కొత్తవాళ్ళు రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. వాటి తరువాత మార్వాడీలు. లోపలికి వంగి, కొనలు ఒకదాన్నొకటి ముట్టుకునే చెవులు. ఆ చెవుల కోసమే లక్షలు పోసేవాళ్ళున్నారు. మూలగా, ఎవరూ ఫొటోలు తీయని చోట, ధన్‌గర్లు సామాను మోయించుకునే పొట్టి గట్టి గుర్రాలు కట్టేసి ఉన్నాయి. భీమానది లోయ నుంచి వచ్చిన భీమ్‌థడీ జాతి అది. మరాఠా సైన్యాలు ఎక్కి తిరిగింది వాటి పూర్వీకులనే. వాటిని ప్రత్యేక జాతిగా ప్రభుత్వం గుర్తించింది ఈ మధ్యనే.

ఒక వ్యాపారి తెల్లటి మగపిల్లను డప్పు చప్పుడుకు ఆడిస్తున్నాడు. ముందుకాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తోంది. జనం ఈలలు. నాకూ నచ్చింది. మామ దగ్గరికెళ్ళి దాని పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. ముందుపళ్ళన్నీ ఇంకా పాలపళ్ళే. గుర్రానికి నడిమి రెండు పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చేది రెండున్నరేళ్ళ ప్రాంతంలో. ఆ పక్కవి మూడున్నరకు, మూలవి నాలుగున్నరకు. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. దేశవాళీ గుర్రాల ప్రదర్శనల్లో వర్గాలు కట్టేది కూడా ఈ పళ్ళ లెక్కతోనే. పాలపళ్ళవి ఒక వరస, రెండు పళ్ళవి ఇంకో వరస.

"ఎముకలు ముదరకముందే ఎగిరిస్తుండు అల్లుడూ. నాలుగేండ్లకు ఇది కుంటుతది" అన్నాడు మామ, ముందుకు నడుస్తూ.

తరువాతి గుడారంలో సుడుల గోల. మెడ కింద 'దేవ్‌మణి' సుడి ఉందని ధర పెంచేవాడు ఒకడు. కంటి కింద 'ఆంసూఢాల్' సుడి ఉందని చక్కటి పిల్లను చవగ్గా వదిలించుకోవాలని చూసేవాడు ఒకడు. ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. విజయనగర కాలంలో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద హయలక్షణ విలాసం అని పద్యగ్రంథమే రాశాడు. వెంట్రుకల మెలిక కాలికి బలం ఎట్లా ఇస్తుందో నాకైతే అర్థం కాలేదు. మామను అడిగితే, "నాకు పట్టింపు లేదు గని, రేపు అమ్మాల్నంటె కొనేటోడికి ఉంటది గద" అన్నాడు. మాట తీసెయ్యదగ్గది కాదు.

మామ వెతికే పద్ధతి మెల్లగా నాకు పట్టుబడింది. పిల్లలో మారేవాటిని ఆయన లెక్కలోకి తీసుకోడు. బొచ్చు మారుతుంది, కండ వస్తుంది, మెడ నిండుతుంది, జూలు పెరుగుతుంది. మారనివి కాళ్ళు. మోకాలి కింది ఎముక పుట్టినప్పుడే దాదాపు పూర్తి పొడవుతో ఉంటుంది. ఏడాది నిండేసరికి పిల్ల తన ఎత్తులో పదింట తొమ్మిది వంతులు అందుకుంటుంది. అందుకని చదునైన నేల మీద నిలబెట్టమంటాడు. ఎదురుగా నిలబడి, రొమ్ము నుంచి గిట్ట దాకా దారం వేలాడదీసినట్టు మోకాలు నడిమికి వస్తోందా అని చూస్తాడు. వెనక్కి వెళ్ళి, వెనకకాళ్ళ కీళ్ళు ఆవుకు లాగా ఒకదానికొకటి దగ్గరపడ్డాయా అని చూస్తాడు. పక్కకు వచ్చి మూపు నుంచి నడుము దాకా చేత్తో తడుముతాడు. పై పళ్ళు కింది పళ్ళను దాటి ముందుకు వచ్చాయేమో వెతుకుతాడు. చివరికి పగ్గం వదులుగా పట్టి నడిపించమంటాడు. ముందుకాలు ఆనిన గుర్తు మీదనో, దాన్ని దాటో వెనకకాలు పడితే ఆయన ముఖం వెలుగుతుంది.

సాయంత్రం పొద్దు వాలుతుండగా అట్లాంటిది దొరికింది. కుమైత్ రంగు ఆడపిల్ల, అంటే ఎర్రగోధుమ ఒళ్ళు, నల్ల జూలు. పాలపళ్ళు. నుదుట చిన్న చుక్క తప్ప ఆర్భాటం లేదు. చెవులు ఒక మోస్తరు. పక్కనే డప్పు మోగినా చెవి తిప్పి చూసి ఊరుకుంది. బరిలో వేలమంది అరుపుల మధ్య, తెలియనివాడు నోరు తెరిపించి పళ్ళు చూస్తున్నా నిలబడగల పిల్ల కావాలని మామ మొదటినుంచీ అంటున్నాడు. వ్యాపారి రెండున్నర లక్షలన్నాడు. తపతీ ఒడ్డున సారంగ్‌ఖేడా జాతరలో ఇంతకంటే ఎక్కువకే అడిగారని ఒట్టు పెట్టాడు. తుండుగుడ్డ కింద ఇద్దరి చేతులూ చాలాసేపు మాట్లాడుకున్నాయి. ఎంతకు తెగిందో మామ నాకు కూడా చెప్పలేదు. అత్తకు చెప్పేస్తానని భయం.

డబ్బంతా అప్పుడే ఇవ్వలేదు. బయానా ఇచ్చి, గ్లాండర్స్ పరీక్ష అయ్యాకే మిగతాది అన్నాడు. ఆ జబ్బు గుర్రాల నుంచి మనుషులకూ అంటుకుంటుంది. తేలితే గుర్రాన్ని చంపాల్సిందే, మందు వాడనివ్వరు. రక్తంలో అది ఉందని చివరికి ఖాయం చేసేది హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. వ్యాపారి కొంచెం గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. కాగితం వచ్చాకే పిల్ల బోధన్ చేరింది.

వచ్చే మార్గశిరంలో వెళ్ళాలనుకునేవాళ్ళు చతుర్దశికి ముందే చేరుకోండి. తెల్లవారుజామునే, ఇంకా మాలిష్ చేయకముందు, కాళ్ళు వేడెక్కకముందు గుర్రాన్ని చూడండి. పశువైద్యుణ్ణి వెంట తీసుకెళ్ళండి. మూడేళ్ళు నిండని పిల్ల వీపు మీద మాత్రం ఎవరినీ ఎక్కించకండి.